సోలార్ పెద్దాయనకు సన్మానం

ముప్పై నాలుగేళ్లు కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషిని పట్టుకుని, కొత్తగా చేరిన పిల్లలకు పనికొచ్చే అనుభవం ఒకటి రాయండి మేడం అంటే ఎవరైనా ఏం రాస్తారు? గాలివానలో తెగిన తీగలు కలిపిన కథో, ట్రాన్స్‌ఫార్మరు పేలినప్పుడు వీధిని కాపాడిన కథో రాస్తారు. అవి నా దగ్గరా ఉన్నాయి. కానీ వాటిలో నేను మరీ మంచిగా కనిపిస్తాను, కాబట్టి మీకు పనికిరావు. నాకు మెమో తెచ్చిపెట్టిన కథ ఒకటుంది, అది చెబుతాను. చచ్చిపోయి పద్దెనిమిదేళ్లయిన ఒక పెద్దాయనకు మా ఆఫీసు తరఫున శాలువా కప్పించిన కథ అది. అందులో నేను చేసిందెంత, చూసీ చూడనట్టు ఊరుకున్నదెంత అనేది మీరే తేల్చుకోండి.

నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉందనగా సోలార్ పథకం ఊపందుకుంది. ఇంటి మీద ప్యానెళ్లు బిగించుకోవాలి, మేం పోయి చూసి సరే అనాలి, ఆ తర్వాత ఖర్చులో కొంత సర్కారు ఇంటివాళ్ల బ్యాంకు ఖాతాలో వేస్తుంది. వినడానికి సులువే. పైవాళ్లు ప్రతి సెక్షన్‌కూ ఇన్ని ఇళ్లని టార్గెట్ పెట్టారు. పాతబస్తీలో బహదూర్‌పురా పక్కన మా సెక్షన్ ఉండేది. సబ్ ఇంజనీరుగా ఆ మేడలన్నీ ఎక్కే భాగ్యం నాకు దక్కింది.

పాతబస్తీలో మేడ మీద జాగా ఖాళీగా ఉంటుందనుకునేవాడు పాతబస్తీ చూడనివాడే. ఒక మేడ నిండా పావురాల గూళ్లు. ఇంకో మేడ మీద ముగ్గురు అన్నదమ్ములకు మూడు నీళ్ల ట్యాంకులు, ఒకరి ట్యాంకు నీడ ఇంకొకరి వాటా మీద పడితే పంచాయితీ. ఒకాయన నా మాటలన్నీ ఓపిగ్గా విని, "అంతా మంచిగనే ఉంది మేడం, మరి నా కబూతర్లు ఎక్కడ దిగాలె? వాటికి గూడ ఏమన్న సబ్సిడీ ఉందా?" అని అడిగాడు. లేదని చెప్పి మెట్లు దిగాను. టార్గెట్‌లో ఆయన ఇల్లు పోయింది.

నా పైఅధికారి ఏఈ సారు వయసులో నాకంటే పాతికేళ్లు చిన్న. మనసు మంచిదే, కానీ మనిషి ఎప్పుడూ ఫోన్లో ఏదో ఒక మీటింగులో ఉండేవాడు. పైనుంచి ఎవరైనా తుమ్మితే ఈయనకు జలుబు చేసేది. నాకు తోడు తిరిగే లైన్‌మన్‌ను అందరూ చాచా అనేవాళ్లం. ఆ గల్లీల్లో ఏ స్తంభం ఎప్పుడు పాతారో, ఏ ఇంట్లో ఏ పెళ్లి ఎందుకు తప్పిపోయిందో చాచాకు తెలుసు. అడిగితేనే చెప్పేవాడు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మీ ఆఫీసులో కూడా ఇలాంటివాళ్లు ఉంటారు. మనం అడగం, వాళ్లు చెప్పరు.

ఇక అసలు ఇంటికి వస్తాను. తరతరాలుగా పాల వ్యాపారం చేసుకునే కుటుంబం. కింద పాకలో బర్రెలు, పైన రెండు గదులు, ఆ పైన ఎండ దండిగా పడే పెద్ద మేడ. నాకు ఆ మేడను చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో ఒక ముసలమ్మ, ఆమె ఇద్దరు కొడుకులు, పెద్ద కొడుక్కి ఒక కొడుకు. ఆ మనవడికి ఇరవై ఆరేళ్లుంటాయి. పొద్దున్నే ఉస్మాన్‌గంజ్ మిఠాయి దుకాణాలకు బండి మీద పాలు వేసి వచ్చేవాడు. ఇంట్లో అందరూ వాణ్ని చిన్నోడా అనేవాళ్లు. సోలార్ మోజు వాడిదే. తండ్రినీ చిన్నాయననూ నెలరోజులు సతాయించి, రెండు బర్రెలు అమ్మించి ప్యానెళ్లు కొనిపించాడు. సబ్సిడీ రాగానే ఒక బర్రెను తిరిగి కొనిస్తానని తండ్రికి మాటిచ్చాడు.

ముసలమ్మ ఒక్కతే మొదటినుంచీ అడ్డం తిరిగింది. ప్యానెళ్లు అమ్మేవాడు వచ్చి, సోలార్ పెడితే ఇక ఈ ఇంటికి బిల్లే రాదని గొప్పగా చెప్పాడు.

"బిల్లు రాకుంటె ఎట్ల?" అంది ఆమె. "బిల్లు రావాలె."

అందరం నవ్వాం. "బిల్లు రావాలె అనే మనిషిని ఇన్నేండ్లల్ల నిన్నే చూసిన అమ్మా" అన్నాడు ఆ ప్యానెళ్లవాడు. ఆమె ఎవరివంకా చూడకుండా పాకలోకి వెళ్లిపోయింది. అందరికంటే ఎక్కువ నవ్విందాన్ని నేనే, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్యానెళ్లు బిగించారు. అటూ ఇటూ కరెంటును లెక్కపెట్టే కొత్త మీటరు పెట్టించాం. నేను కాగితాలు చూశాను. కరెంటు బిల్లు మీద పేరు, ఆధార్ మీద పేరు, బ్యాంకు పుస్తకం మీద పేరు, మూడూ ఇంటిపేరుతో సహా ఒక్క అక్షరం తేడా లేకుండా కలిశాయి. పాతబస్తీలో మూడు కాగితాల మీద ఒకే పేరు ఉండటం ఎంత అరుదో మీకు తెలిస్తే నా సంతోషం అర్థమవుతుంది. సాయంత్రం మీటింగులో లెక్క చెప్పాలని ఏఈ సారు రెండుసార్లు ఫోన్ చేశాడు. టిక్కు పెట్టేశాను. పక్కనే ఉన్న చాచా, "మేడం, యే సర్వీస్ తో బహుత్ పురానా హై" అన్నాడు. కనెక్షను అంత పాతదైతే మంచిదే కదా అన్నాను. చాచా ఇంకేం అనలేదు.

రెండు నెలలు తిరిగాయి. సబ్సిడీ ఇంకా పడలేదు. ఒకరోజు ఏఈ సారు వెలిగిపోతున్న ముఖంతో నా బల్ల దగ్గరికి వచ్చాడు. పైఆఫీసువాళ్లు సోలార్ పెట్టించుకున్న ఇళ్లన్నిటిలో అన్నిటికంటే పాత కనెక్షను ఏదని వెతికితే మా పాలవాళ్ల ఇల్లు తేలిందట. ఆ వయసులో సోలార్ వైపు మళ్లిన పెద్దాయనకు అక్కడి పెద్ద సారు స్వయంగా వచ్చి, వాళ్ల మేడ మీదే శాలువా కప్పి సన్మానం చేస్తారట. వచ్చే గురువారం ముహూర్తం. పెద్దాయన రెండు ముక్కలు మాట్లాడితే ఇంకా బాగుంటుందట.

నేనూ చాచా ఆ కబురు చెప్పడానికి వెళ్లాం. మనవడు గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"పెద్దాయన ఉన్నడా ఇంట్ల?" అని అడిగాను.

"ఏ పెద్దాయన మేడం?"

"సోలార్ ఎవరి పేరు మీదుందో ఆయన."

"అది నేనే గదా."

"నువ్వు కాదు బాబూ, కరెంటు కనెక్షన్ తీసుకున్నాయన."

వాడు లోపలి గోడ చూపించాడు. ఫోటోలో తలపాగా చుట్టుకున్న మనిషి, మెడలో ప్లాస్టిక్ పూలదండ.

"తాత పేరే నాకు పెట్టిండ్రు మేడం" అన్నాడు వాడు. "గందుకే ఏడ గూడ తేడా రాలె. ఆధార్ కలిసింది, బ్యాంకు కలిసింది, మీరు గూడ టిక్కు పెడ్తిరి."

"మరి తాత పోయిండని నువ్వు చెప్పద్దా?"

"మీరు అడగలే గదా."

వాడిలో మోసం లేదు, అదే నా బాధ. వాడి దృష్టిలో తాత పేరు తనకు ఉంది, తాత ఇల్లు తనది, తాత మీటరూ తనదే. పద్ధతి ప్రకారం చనిపోయినవాళ్ల పేరు మీద కనెక్షను ఉంటే ముందు వారసుల పేరుకు మార్పించుకుని, ఆ తర్వాత సోలార్‌కు దరఖాస్తు పెట్టాలి. అది అడగాల్సింది నేను. ఆధార్ మీద పేరు కలిసిందా లేదా చూశానే గానీ, ఫోటో ఎవరిదో, వయసెంతో చూడలేదు. ఇప్పుడు ఈ సంగతి బయటపడితే దరఖాస్తు రద్దవుతుంది, సబ్సిడీ రాదు, అమ్మిన బర్రెలు అమ్మినట్టే. రిటైర్మెంటు నాలుగు నెలల్లో పెట్టుకున్న నా సంగతి దేవుడెరుగు.

వెంటనే పేరు మార్పిడి కాగితాలు తయారుచేశాను. ఇద్దరు కొడుకులూ మనవడి పేరుకు మార్చడానికి సంతకాలు పెట్టారు. ముసలమ్మ వేలిముద్ర ఒక్కటే మిగిలింది. ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది.

"పేరు మార్చుడు లేదు ఏం లేదు. నేను బతికున్నంత కాలం గట్లనే ఉండాలె" అంది.

"ఇల్లు రాసుకుంటరని భయం మేడం" అని చిన్నకొడుకు నా చెవిలో చెప్పాడు. నేను నమ్మాను. ముసలివాళ్లు మొండికేస్తే ఆస్తి కోసమే అనుకోవడం మనకు అలవాటు.

ఆఫీసుకు వచ్చి ఏఈ సారుకు మొత్తం చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. పెద్దాయన పేరు అప్పటికే పైకి వెళ్లింది, ఆహ్వానం అచ్చయింది. "గురువారం ఒక్క రోజు ఎలాగోలా గడిపేద్దాం మేడం, తర్వాత సరిచేద్దాం" అన్నాడు. ఎలా గడుపుతామని అడిగితే చాచా గొంతు సవరించుకున్నాడు.

"ఏక్ ఆద్మీ హై మేరే పాస్" అన్నాడు.

ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసి మానేసిన ఒక పెద్దాయన ఉన్నాడు. చాచాతో కలిసి రోజూ అఫ్జల్‌గంజ్ హోటల్లో చాయ్ తాగుతాడు. తెల్లటి మీసం, తెల్లటి ధోవతి, చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించే రూపం. పిలిపించాం. మా ఇబ్బంది అంతా విని ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. "శాలువ నాకే ఉండాలె. మల్ల అడుగొద్దు."

సరే అన్నాం. మాట్లాడకుండా తల మాత్రం ఊపాలని, పేరు పిలవగానే లేవాలని చెప్పాం. ఏఈ సారు గదిలో తలుపు వేసుకుని నాలుగుసార్లు పేరు పిలిచి చూశాం. నాలుగుసార్లూ ఆయన పక్కవాడి వంక చూశాడు. "నా పేరు గాదు గదా, నాకెట్ల తెలుస్తది?" అని మామీదే విసుక్కున్నాడు. ఆఖరికి చాచా పక్కన కూర్చుని మోచేత్తో పొడిచేలా ఒప్పందం కుదిరింది.

నేను వద్దనలేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. భయపడ్డాను, పైగా కొంచెం సరదా కూడా వేసింది. ముప్పై మూడేళ్లు బుద్ధిగా పనిచేసిన మనిషికి చివర్లో ఒక నాటకం ఆడే అవకాశం వస్తే ఆ సరదా ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. ముసలమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులతో ఆమె మేడ ఎక్కి ఏళ్లయిందని కొడుకులు ధైర్యం చెప్పారు.

గురువారం పొద్దున మేడ మీద షామియానా కట్టారు. నాలుగు కుర్చీలు, ఒక మైకు, మెరిసిపోయేలా కడిగిన ప్యానెళ్లు. పక్క మేడల మీద జనం. పెద్ద సారు వచ్చారు. ఎనభై దాటిన వయసులో సూర్యుణ్ని నమ్ముకున్న ఈ పెద్దాయన యువతరానికి ఆదర్శమని మైకులో చెప్పారు. పెద్దాయన తల ఊపాడు. తర్వాత సన్మానానికి పేరు పిలిచారు, ఇంటిపేరుతో సహా, గట్టిగా.

పెద్దాయన పక్కమేడ మీది పావురాలను చూస్తూ కూర్చున్నాడు. పెద్ద సారు మళ్లీ పిలిచారు. చాచా మోచేత్తో పొడిచాడు. "ఏందిరా?" అన్నాడు పెద్దాయన. పెద్ద సారు చెవుడు కాబోలనుకుని ఇంకాస్త గట్టిగా మూడోసారి పిలిచారు. అప్పుడు లేచాడు. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టాం.

మెట్ల దగ్గర ముసలమ్మ నిలబడి ఉంది.

చేతులకు పేడ, కొంగు నడుముకు చెక్కుకుని ఉంది. గోడ పట్టుకుని ఆయాసపడుతోంది. పాకలోంచి అలాగే వచ్చేసింది.

"ఎవరు పిలిచిండ్రు ఆయనను?" అని అడిగింది.

"నేనేనమ్మా" అన్నారు పెద్ద సారు, ఎంతో మర్యాదగా. మనవడు నీళ్లు నములుతూ మా నానమ్మ సార్ అన్నాడు. "అయితే వీరి సతీమణి గారన్నమాట. రండమ్మా, ఆయన పక్కన నిలబడండి. ఒక ఫోటో తీసుకుందాం" అన్నారు పెద్ద సారు.

ఆమె శాలువా మనిషిని కిందినుంచి పైదాకా చూసింది.

"ఈయన పక్కకు నేనెందుకు నిలబడ్త? ఎవరీయన?"

"మీ వారే కదమ్మా."

"మా ఇంటాయన ఇంతకన్న మస్తు మంచిగుండె."

పక్క మేడల మీద ఎవరో నవ్వారు. శాలువా పెద్దాయనకు రోషం వచ్చింది. "చూడు సారూ, శాలువ అన్నరు, ఒచ్చిన. పెండ్లాం సంగతి నాకెవ్వలు చెప్పలె" అన్నాడు.

ఏఈ సారు నా వంక చూశాడు. చాచా ఆకాశం వంక చూశాడు. ఇక చూడటానికి నాకేమీ మిగల్లేదు. ముందుకు వెళ్లి, "తప్పు నాది సార్" అన్నాను. టిక్కు దగ్గరినుంచి శాలువా దాకా మొత్తం చెప్పాను. ఏఈ సారు పేరు ఎత్తలేదు, అది గొప్పతనం కాదు, ఆయనకు ఇంకా పాతికేళ్ల ఉద్యోగం ఉంది. పెద్ద సారు మైకు కట్టేయమన్నారు. ఆయన ముఖంలో కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది. ఫైలు రద్దవుతుందని, నాకు మెమో వస్తుందని రెండు ముక్కల్లో చెప్పారు. మనవడు ప్యానెల్ పట్టుకుని నిలబడిపోయాడు. వాడి తండ్రి, "రెండు బర్రెలు పాయె గదరా" అన్నాడు, అరవకుండా. అది వినడం మెమో కంటే కష్టంగా ఉంది.

నాకు ముసలమ్మ మీద కోపం వచ్చింది. ఒక్క వేలిముద్రతో ముందే ముగిసిపోయేది కదా అని. "ఇల్లు ఎక్కడికీ పోదమ్మా. పేరు మార్చుకుంటే నీ సొమ్మేం పోయింది?" అని అడిగేశాను.

"ఇల్లెవనికి గావాలె బిడ్డా" అంది ఆమె. ఆయాసం ఇంకా తీరలేదు. "ఆయన పేరు నేను నోటితోని తియ్యను, మా తాన ఆడోళ్లు మొగుని పేరు తియ్యరు. కొడుకులు బాపు అంటరు. గా పిల్లగాన్ని నా ముంగట ఆ పేరుతోని ఎవ్వలు పిలువరు, చిన్నోడా అంటరు. నెలకోపారి మీటరాయన ఒచ్చి గుమ్మం కాడ నిలబడి పేరు పిలుస్తడు. లోపల ఆయన ఉన్నట్టే పిలుస్తడు. పద్దెనిమిదేండ్ల సంది గదొక్కటే ఇంటున్న. మీరేమో బిల్లు రాదంటిరి. మల్ల పేరు మార్చాలె అంటిరి. ఇయ్యాల పొద్దుగాల మీదికెల్లి పిలిచినట్టు ఇనబడె. మూడుపార్లు. గందుకే ఒచ్చిన."

ముప్పై మూడేళ్లు బిల్లుల మధ్య బతికాను, బిల్లు కోసం ఎదురుచూసే మనిషి ఉంటుందని నాకు తెలియదు.

పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. సోలార్ పెట్టినా బిల్లు వస్తుంది, అందులో కట్టాల్సింది మాత్రం తగ్గుతుంది, రాదని చెప్పినవాడు సరుకు అమ్ముకోవడానికి చెప్పాడు. పేరు మార్చినా అక్షరం మారదు, తాతదీ మనవడిదీ ఒకటే పేరు కాబట్టి బిల్లు మీద అదే ఉంటుంది. ఇంత చిన్న సంగతి ఇంట్లో ఎవరూ ఆమెకు ఎందుకు చెప్పలేదంటే, చెప్పాలంటే ఆ పేరు ఆమె ముందు ఎత్తాలి మరి.

"నిజంగ ఒస్తదా?" అని అడిగింది.

"రాకపోతే నేను తెచ్చిస్త" అన్నాను.

ఆమె కొంగుకు చెయ్యి తుడుచుకుని బొటనవేలు చాపింది. పెద్ద సారు అది చూస్తూ నిలబడ్డారు. ఆ వేలిముద్రతో పేరు మార్చి కొత్తగా దరఖాస్తు పెట్టుకుంటే అడ్డు చెప్పనని మెట్లు దిగుతూ అన్నారు. శాలువా తిరిగి ఇవ్వమని ఏఈ సారు గుసగుసగా అడిగితే, పెద్దాయన ఒప్పందం గుర్తుచేసి దాన్ని ఇంకొంచెం గట్టిగా చుట్టుకున్నాడు.

మెమో వచ్చింది. చనిపోయిన వినియోగదారుకు సన్మానం ఏర్పాటు చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని ఉంది. నేను పది లైన్లలో తప్పు ఒప్పుకున్నాను. ఒక మందలింపుతో సరిపెట్టారు. దాంతోనే రిటైరయ్యాను, సెండాఫ్‌లో నాకూ ఒక శాలువా కప్పారు, చాచా నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. కొత్త దరఖాస్తు మీద సబ్సిడీ కొన్ని నెలలు ఆలస్యంగా పడింది, పాకలోకి ఒక బర్రె తిరిగి వచ్చింది. పిల్లలూ, మీరు ఎవరి ఇంటికి వెళ్లినా బిల్లు రాదని మాత్రం చెప్పకండి, తగ్గుతుందని చెప్పండి.

పేరు మారాక మొదటి బిల్లు వచ్చే రోజు నేను మాట నిలబెట్టుకోవడానికి ఆ గల్లీకి వెళ్లాను. మీటరాయన మిషన్లోంచి చీటీ తీసి నా చేతికిచ్చాడు. ముసలమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"చూడమ్మా, ఎంత తగ్గిందో" అని మొదలుపెట్టాను.

"ఎంతొచ్చిందో నాకెందుకు బిడ్డా. మీద ఏం రాసుందో సదువు."

చదివాను.

"జర గట్టిగ సదువు. నాకు సరిగ ఇనొస్తలేదు" అంది.

మేడ మీద పిలిస్తే కింద పాకలో వినిపించిన చెవులవి. నేను గట్టిగా చదివాను.